పర్యాటకులు వచ్చి వెళ్లాక పల్లెకేం మిగలాలి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఊరు చూడవచ్చిన వాళ్ల ఖర్చుతో ఆ ఊరి ఆడవాళ్లకు పని, పిల్లలకు చదువు సమకూరేలా చిన్న సేవా సంఘం నడపడం ఎలాగని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరికీ పనికొస్తాయనిపించినవి ఏరి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మేం ఆరుగురం విశ్రాంత ఉపాధ్యాయులం. విశాఖ నుంచి వచ్చేవాళ్లకు ఆదివారాలు శాలిహుండం, కళింగపట్నం, పొందూరు ఒక్కరోజులో చూపించి, మిగిలిన సొమ్ముతో పేద పిల్లలను చదివించాలని ఉంది. మనిషికి ఎంత తీసుకోవాలి? మిగులు ఎలా పంచాలి? – శ్రీకాకుళం

మాస్టారూ, ముందు ఆ మూడింట్లో ఒకటి తీసేయండి. శాలిహుండం, కళింగపట్నం శ్రీకాకుళానికి తూర్పున, చేతివడుకు ఖాదీకి పేరున్న పొందూరు పడమర. మూడూ ఒక్కరోజులో పెడితే సగం రోజు ఆటోలోనే గడిచిపోతుంది. ఆఖరున పొందూరు చేరేసరికి అందరూ అలసిపోయి, ఇరవై నిమిషాలు నిలబడి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నూలు వడికే ఇంటికి ఏమీ మిగలదు. శాలిహుండం కొండ మీద నీడ తక్కువ. ఉదయం ఏడున్నరకల్లా ఎక్కి తొమ్మిదిన్నరకు దిగిపోవాలి. ఆ కొండ మీది బౌద్ధ స్తూపాల సంగతి 1919లో లోకానికి తెలియజెప్పింది మన గిడుగు రామమూర్తి పంతులుగారని అక్కడ చెప్పండి, వచ్చినవాళ్లు కొండను వేరే కళ్లతో చూస్తారు. అక్కణ్నుంచి పొందూరు, భోజనం అక్కడే. కళింగపట్నం సముద్రం ఇంకో ఆదివారానికి ఉంచండి.

ఇక లెక్క. ఇవి నమూనా అంకెలు, మీ ఊరి ధరలు వేసి సరిచూసుకోండి. మనిషికి రూ.1,200 అనుకుందాం. తలసరి ఖర్చు భోజనానికి రూ.180, మంచినీళ్లు, చిల్లర ఖర్చులకు రూ.20. ఆటోకు నలుగురు, రోజంతటికీ ఆటోకు రూ.1,000. ఎంతమంది వచ్చినా మారని ఖర్చులు నాలుగు: చూపించి చెప్పే కుర్రాడికి రూ.1,500, పొందూరులో మూడు ఇళ్లకు రూ.400 చొప్పున రూ.1,200, శుభ్రత, మందుల పెట్టెకు రూ.500, ఫోన్లు చేసి అందరినీ కూడగట్టే మనిషికి రూ.1,000. ఇవన్నీ కలిపి రూ.4,200.

పన్నెండుమంది వస్తే రాబడి రూ.14,400, ఖర్చు రూ.9,600, మిగులు రూ.4,800. ఎనిమిదిమంది వస్తే మిగులు రూ.1,800. తొమ్మిదిమంది వచ్చినా అదే రూ.1,800, పైసా పెరగదు. తొమ్మిదో మనిషి కోసం మూడో ఆటో కట్టాలి. ఆయన ఇచ్చిన పన్నెండు వందల్లో వెయ్యి ఆటోకు, రెండు వందలు భోజనానికి, నీళ్లకు సరిపోతాయి. ఆరుగురే వస్తే రూ.200 చేతినుంచి పడుతుంది. అందుకని ఎనిమిది లేదా పన్నెండు, ఈ రెండు లెక్కల్లోనే జట్లు కట్టండి. ఏడుగురికి తగ్గితే ఆ వారం యాత్ర మానుకుని, గురువారమే ఆ కబురు చెప్పేయండి.

మిగులులో రెండు వంతులు చదువుల నిధికి, ఒక వంతు నిల్వకు. పన్నెండుమంది రోజున చదువులకు రూ.3,200, ఎనిమిదిమంది రోజున రూ.1,200. అక్టోబరు నుంచి మార్చి దాకా పదహారు యాత్రలు జరిగి, సగం పెద్ద జట్లు, సగం చిన్నవి అయితే చదువులకు జమయ్యేది రూ.35,200. హాస్టలు, బస్సు, పుస్తకాలు కలిపి ఇంటర్ చదివే ఒక అమ్మాయికి ఏడాదికి రూ.17,000 అవుతుందనుకుంటే, రెండేళ్లకు రూ.34,000. అంటే ఒక సీజను మొత్తం కష్టం ఒక్క పిల్ల రెండేళ్ల చదువు. చాలా సంఘాలు దెబ్బతినేది ఇక్కడే. తొలి ఏడాది ఉత్సాహంతో ఐదుగురికి మాటిచ్చేస్తారు, రెండో ఏడాది తుపాను వచ్చి నవంబరు యాత్రలు పోతాయి, ద్వితీయ సంవత్సరంలో ఉన్న పిల్ల ఫీజు ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను ఏం చేసిందో మన జిల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. పిల్లకు మాటిచ్చేనాటికి రెండేళ్ల సొమ్మూ బ్యాంకులో ఉండాలి. లేకపోతే మాట ఇవ్వకండి.

ఇంకొకటి. సొమ్ము ముందే కట్టించుకోండి. పన్నెండుమందికి వండించాక ఏడుగురే వస్తే ఆ నష్టం వండిన డ్వాక్రా సంఘం మీద పడకూడదు. శనివారం సాయంత్రం ఆరు తర్వాత మానుకున్నవాళ్లకు భోజనం డబ్బు, వడికే ఇంటి డబ్బు తిరిగి ఇవ్వబోమని మొదటి ఫోనులోనే చెప్పేయండి.

ప్రశ్న: మా అమ్మ, పిన్ని ఇంట్లోనే సన్ననూలు వడుకుతారు. చూడ్డానికి కార్లలో వస్తారు, ‘మళ్లీ ఒక్కసారి తిప్పండి’ అంటూ వీడియోలు తీస్తారు, వెళ్లిపోతారు. డబ్బులడగాలంటే అమ్మకు మొహమాటం. అడగొచ్చా? ఎంత అడగాలి? – పొందూరు

తప్పకుండా అడగాలమ్మా. మీ అమ్మగారు చూపించేది పని, దానికి కూలి ఉంది. ఆ పని విలువ వచ్చినవాళ్లకు తెలియకపోవడం వల్లే బేరాలు, ఉచిత వీడియోలు. అందుకని ముందు వాళ్లకు తెలిసేలా చూపించండి.

ముందుగా వాలుగ చేప దవడ చేతికివ్వండి. ఎముక మీద సూదిమొనల్లాంటి సన్నని పళ్లు బారులు తీరి ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని దానితో దువ్వితే నలక, చెత్త, పొట్టి పీచు విడిపోయి, పొడుగు పీచంతా ఒకే వాలుకు వస్తుంది. వచ్చినవాళ్లను వేలికొనతో ఆ పళ్లను మెల్లగా తాకి చూడమనండి. ఇనుప దువ్వెన పెట్టొచ్చుగా అని ఎవరైనా అడిగితే, ఆ పళ్లంత సన్నంగా, పీచు తెగకుండా దువ్వే పనిముట్టు వేరే దొరకలేదని చెప్పండి. తర్వాత గింజ తీయడం, వింటితో పత్తిని పొంగించడం, ఏకులు చుట్టడం, వాటిని ఎండిన అరటి దొప్పలో దాచుకోవడం. రాట్నం దగ్గరికి వచ్చేది ఇవన్నీ అయ్యాకే.

నూరో నంబరు నూలంటే ఏమిటో ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించండి. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల బరువులో, 840 గజాల దారపు చుట్టలు, అంటే చిలపలు, నూరు తూగితే అది నూరో నంబరు. ఒక్క చిలపకు పట్టేది నాలుగున్నర గ్రాముల పత్తి, దానిలోంచి లాగిన దారం 768 మీటర్లు. ఈ ఒక్క లెక్క చదివిన మనిషి చీర ధర దగ్గర గొంతు తగ్గిస్తాడు.

రుసుము మనిషికి ఇంత అని కాకుండా ఇంటికి ఇంత అని పెట్టండి. నలుగురికి మించకుండా, నలభై నిమిషాలకు రూ.400 మా సూచన. నలభై నిమిషాలు చూపిస్తే పోయేది గంటన్నర పని. మాటల్లో దారం తెగుతుంది, ఏకులు చెదురుతాయి, ఇల్లు సర్దుకోవాలి. ఎనిమిదిమంది వస్తే రెండో ఇంటికి పంపండి, ఆ ఇంటికీ రాబడి వస్తుంది. ఫ్యాను వేయమంటే కుదరదని చెప్పండి, ఏకిన పత్తి ఎగిరిపోతుంది. ఒక్క వీడియోకు సరే, మళ్లీ తిప్పమంటే వద్దు. ఆదివారం ఖాదీ అమ్మకం గది తెరిచి ఉంటుందో లేదో శుక్రవారమే కనుక్కోండి. కొనాలని వచ్చి తాళం చూసి వెనక్కి పోయేవాళ్లు ఎక్కువ.

ఒక మాట గట్టిగా చెప్తాం. ఫొటోలో బాగుంటుందని మిమ్మల్నో మీ చెల్లెల్నో రాట్నం ముందు కూర్చోమంటారు. బడి ఈడు పిల్లను డబ్బిచ్చి చూసేవాళ్ల ముందు కూర్చోబెట్టకూడదు. ఇష్టమైతే సెలవుల్లో నేర్చుకోండి, ప్రదర్శన మాత్రం పెద్దవాళ్లదే.

ప్రశ్న: తీరానికి వచ్చినవాళ్లు మా పల్లె పిల్లలకు చాక్లెట్లు, పది రూపాయల నోట్లు పంచుతున్నారు. మంచికే కదా, ఆపాలా? – గార మండలం

ఆపాలి. పది రూపాయలు దొరికే చోటికి పిల్లవాడు మర్నాడూ వస్తాడు, ఆదివారంతో మొదలైంది శుక్రవారం దాకా పాకుతుంది. తల్లికి వందనం లాంటి పథకాలకు 75 శాతం హాజరు చూస్తారు. తీరాన దొరికే చిల్లర కోసం ఇంటికి రావలసిన వేలు పోతాయి. అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. తెలియని మనిషి చేతినుంచి తీసుకోవడం, అతను పిలిస్తే వెళ్లడం పిల్లలకు అలవాటైపోతుంది. అలాంటిదేదైనా అనుమానం కలిగితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు.

‘పిల్లలకు డబ్బు ఇవ్వకండి, వాళ్ల అమ్మల దగ్గర చేపల పులుసు భోజనం చేయండి’ అని ఆటో ఆగే చోట పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర స్నానానికి దిగొద్దనే మాట కూడా దాని కిందే రాయించండి. పైకి నీరు నిలకడగా కనిపించినా లోపల లాగేస్తుంది.

ప్రశ్న: మా రిసార్టుకు వచ్చిన అతిథులు ఇచ్చిన విరాళంతో పక్క ఊరి ప్రభుత్వ బడి పిల్లలకు బ్యాగులు, నోటుపుస్తకాలు పంచుదామనుకుంటున్నాం. ఎన్ని కొనాలి? – భోగాపురం

ఒక్కటి కూడా కొనకండి. ప్రభుత్వ బడుల పిల్లలకు బ్యాగు, పుస్తకాలు, నోటుపుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు కిట్టుగా వస్తున్నాయి, మధ్యాహ్నం భోజనం బడిలోనే. మీరిచ్చే రెండో బ్యాగు అటక మీదికి పోతుంది. హెడ్మాస్టరు గారి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లి, ‘నిరుడు మీ బడి నుంచి ఎవరు మానేశారు, ఏ తరగతి తర్వాత?’ అని అడగండి. మీరు పెట్టాల్సిన ఖర్చు ఏమిటో ఆ జవాబులోనే ఉంటుంది.

మన పక్క ఎక్కువగా వినిపించే కారణాలు ఇవి. ఊళ్లో బడి అయిపోయింది, పై తరగతి బడి ఐదారు కిలోమీటర్లు, ఆడపిల్లను ఒంటరిగా పంపరు. అక్కడ కావలసింది నలుగురు పిల్లలకు కలిపి నెలవారీ ఆటో, నమ్మకమైన డ్రైవరు. లేదా తల్లిదండ్రులు చెన్నైకో హైదరాబాదుకో కూలికి వలసపోతూ పిల్లను వెంట తీసుకుపోతారు. అక్కడ కావలసింది హాస్టల్ సీటు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉచిత వసతి ఉంది, దరఖాస్తు నింపించి తోడు వెళ్లే మనిషి ఉంటే చాలు. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక వెనకబడే పిల్లలూ ఉంటారు. ఏడాదికోసారి కంటి డాక్టరును బడికి తీసుకెళ్లి, కావలసిన వాళ్లకు కళ్లజోళ్లు చేయించండి.

మీ డబ్బు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే ఉపకారవేతనం కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు సాయంత్రం క్లాసు. ఎనిమిదో తరగతి చదివే ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలు రాయొచ్చు, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000 పిల్లల ఖాతాలోనే పడుతుంది, నాలుగేళ్లకు రూ.48,000. పేపర్లు రెండు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు: ఒకటి మేధాశక్తి, ఇంకొకటి బడి పాఠాలు. పాఠాలు బడిలో ఎలాగూ చెప్తారు. మన పిల్లలు తడబడేది మొదటి పేపర్లో, అలాంటి ప్రశ్నలు వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు కనుక. ఊళ్లోనే ఉన్న డిగ్రీ చదివిన అమ్మాయికి జీతమిచ్చి జులై నుంచి వారానికి మూడు సాయంత్రాలు చెప్పించండి. ఆమెకూ ఉపాధి.

ఎంపికయ్యాక పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా బాధ. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంటిపేరుతో ఇంకో పేరు, బ్యాంకులో మూడోది. లేదా మరుసటి ఏడాది ఉపకారవేతనాల పోర్టల్లో రెన్యువల్ చేయడం మర్చిపోతారు. పేర్లు ఏడో తరగతిలోనే సరిచేయించండి. రెన్యువల్ తేదీ చూసుకునే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి.

ప్రశ్న: బొబ్బిలి వీణల బొమ్మలు తెచ్చి మా హోటల్ కౌంటర్లో అమ్మి, లాభం బడికి ఇద్దామని ఉంది. అమ్ముడుపోయాక కళాకారులకు డబ్బిస్తే చాలా? – విజయనగరం

చాలదు. అమ్ముడుపోయే దాకా ఆగమంటే మీ వ్యాపారానికి పెట్టుబడి వాళ్లు పెట్టినట్టు. సరుకు చేతికందిన రోజే పూర్తి సొమ్ము, పెద్ద ఆర్డరైతే సగం ముందుగా. ఆ ముందు సొమ్ముతోనే పనస కర్ర కొంటారు. తొందరపెడితే ఆరని కర్రతో చేయాల్సి వస్తుంది, పచ్చి కర్ర ఏసీ గదిలో నెల తిరక్కుండానే బీట వేస్తుంది. దసరాకు కావలసినవి వేసవిలోనే చెప్పండి.

ధర వాళ్లనే చెప్పనివ్వండి, మీ లాభం దానిపైన వేసుకుని, ఎంత వేశారో చీటీ మీద రాయండి. ‘చేసినవారికి ఇంత, బడికి ఇంత’ అని రెండు అంకెలు కనిపిస్తే కొనేవాళ్లు బేరమాడరు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణ చేసే తీరు చూపించడానికి అతిథులను తీసుకెళ్తే పొందూరు అమ్మాయికి చెప్పిన పద్ధతే ఇక్కడా: ఇంటికి ఇంత. ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ పూర్తవడానికి ఎన్నో రోజులు పడుతుంది, ఒక్క పూటలో మొత్తం చూపిస్తామని అతిథులకు ఆశ పెట్టకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య నెలనెలా మా సంఘం ఖాతాకు డబ్బు పంపుతానంటున్నాడు. వచ్చిన విదేశీయులూ విరాళం ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? – టెక్కలి

అన్నయ్యగారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టే అయితే, ఆయన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, పాస్‌పోర్టు నకలు మీ ఫైల్లో ఉంచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. మీ ఖాతాలో రూపాయి పడకముందే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో రూ.15 లక్షల సేవా ఖర్చు చూపాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి.

చిన్న సంఘానికి ఇది అందని కొమ్మ. అలాగని బాధపడక్కర్లేదు. విదేశీయులు యాత్రకు కట్టే రుసుము, భోజనం ఖర్చు, కొన్న చీర ధర విరాళం కావు, అవి సేవకూ సరుకుకూ మామూలుగా ఇచ్చే డబ్బు. సరైన రసీదుతో తీసుకోండి. ‘ఇది ఉంచండి’ అని పైన ఇచ్చే నోటుకు మాత్రం దణ్ణం పెట్టి, ‘ఇంకో చీర కొనండి’ అనండి.

ప్రశ్న: ట్రస్టు మేలా, సొసైటీ మేలా? – సోంపేట

ఊరంతా కలిసి నడిపేదైతే సొసైటీ. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వాళ్లలో సగమైనా పని చేసే ఆడవాళ్లు ఉండేలా చూడండి, వాళ్ల కూలి వాళ్లు లేని గదిలో తేలకూడదు. ఒకే కుటుంబం సొంత డబ్బు పెట్టేదైతే ట్రస్టు. ఏదైనా బ్యాంకులో ఇద్దరి సంతకాలు తప్పనిసరి, చదువుల నిధికి వేరే ఖాతా. ఆదాయపన్ను శాఖ నుంచి 80జీ గుర్తింపు ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు రాయితీ వస్తుంది, కానీ రూ.2,000 మించిన నగదుకు అది వర్తించదు.

ప్రశ్న: తేలినీలాపురానికి పక్షులను చూడవచ్చేవాళ్లకు మా ఇంట్లో ఒక గది ఇద్దామనుకుంటున్నాం. ఏమేం కావాలి? – టెక్కలి మండలం

గదికన్నా ముందు మరుగుదొడ్డి. తలుపుకు లోపలి గడియ, బకెట్టు, సబ్బు, రాత్రి వెలిగే దీపం. దోమతెర తప్పనిసరి. టీవీ, ఏసీ అక్కర్లేదు. పొద్దున్నే చోడి అంబలో ఇడ్లీయో, మధ్యాహ్నం మీరు తినేదే. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్లో ఫారం నింపి తెలియజేయాలి, ఇది ఇళ్లకూ వర్తిస్తుంది. పోలీస్ స్టేషన్లో ఒకసారి అడిగి లాగిన్ ముందే తీసుకోండి.

పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు మీ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపేది సెప్టెంబరు నుంచి మార్చి లోపు. పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటామని మీ ఊరివాళ్లు చెప్పుకుంటారు. అతిథికి గది తాళం ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పండి. చెట్ల కిందికి పోయి చప్పట్లు కొట్టడం, డ్రోను ఎగరేయడం వద్దు. తల్లి పక్షి బెదిరి లేస్తే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి, అంచుకు జరిగి కింద పడతాయి.

ప్రశ్న: మా సంఘానికి పెద్ద మొత్తం ఇస్తానన్న దాత, తాను చదివించే పిల్ల ఫొటో పంపమని, వచ్చినప్పుడు ఇంటికి తీసుకెళ్లమని అడుగుతున్నారు. కాదంటే విరాళం పోతుందేమో. – ఆమదాలవలస

పోతే పోనివ్వండి. మంచి మనసుతోనే అడిగి ఉండొచ్చు, కానీ బయటి మనిషి కారు దిగి ఇంట్లోకి వస్తే ఆ పిల్ల వీధిలో ‘వాళ్ల డబ్బుతో చదివేది’ అవుతుంది. పదిహేనేళ్ల ఆడపిల్లకు ఆ చూపు మోయడం కష్టం, దానికోసం చదువు మానేసినా మానేస్తుంది. పిల్ల పేరు, ఊరు, బడి, ఫొటో ఏవీ దాతకు ఇవ్వకండి. ఒక్కో దాతకు ఒక్కో పిల్లను ముడిపెట్టే పద్ధతే వద్దు. అందరి డబ్బూ ఒకే నిధిలోకి పోవాలి, నిధి నుంచే పిల్లలకు రావాలి.

దాతకు ఆర్నెల్లకోసారి ఒక పేజీ పంపండి. నిధిలో ఎంత జమైంది, ఎంత ఖర్చైంది, ఎందరు పిల్లలు, ఏయే తరగతుల్లో, మొత్తం మీద హాజరు శాతం ఎంత, ఎవరైనా మానేస్తే కారణమేమిటి. కళ్లతో చూడాలని ఆయన పట్టుబడితే ఆదివారం యాత్రకు రమ్మనండి. పొందూరులో ఏదో ఒక ఇంట్లో నలభై నిమిషాలు కూర్చుని, దవడ ఎముక చేతిలోకి తీసుకుని, రూ.400 ఆ ఇల్లాలి చేతిలోనే పెట్టి రావచ్చు. ఆమె కూతురు ఏ బడిలో చదువుతోందో ఆయనకు తెలియనక్కర్లేదు.